గేటు దగ్గర ఆగిపోతున్న కథ

ఖైదీ మీద వస్తున్న కథల్లో ఒక మూస స్థిరపడింది. ఒక పేద యువకుడు ఆకలికి తాళలేకనో, క్షణికావేశంలోనో నేరం చేస్తాడు. జైలుకు వస్తాడు. మొదట రాటుదేలిన పాత నేరస్తుల మధ్య పడతాడు. తర్వాత ఒక మంచి జైలరు కంటబడతాడు. మగ్గం ముందో, కుట్టుమిషను ముందో కూర్చుంటాడు. చేతికి పని వస్తుంది, కంటికి నీళ్ళు వస్తాయి. విడుదలనాడు జైలరు భుజం తడతాడు. గేటు తెరుచుకుంటుంది. బయట ఎండ తెల్లగా కాస్తూ ఉంటుంది. కథ అయిపోతుంది.

ఇంకో మూస కూడా ఉంది. అది మనవైపు నుంచే వస్తున్నది కనుక దాన్ని ఎత్తిచూపడం మరీ అవసరం. ఈ కథలో మగ్గం, కుట్టుమిషను, బేకరీ అన్నీ బూటకం. నేర్పే ప్రతి పనీ దోపిడీ. సమాజం మారేదాకా ఖైదీ మారడు గాక మారడు. అందుచేత అతను విడుదలైన వారానికే మళ్ళీ దొంగతనం చేసి తిరిగి వస్తాడు. అతని వెనక గేటు మూసుకుంటుంది. ఆ చప్పుడుతో కథ ముగుస్తుంది. మొదటి కథ రాసినవాడు జైలు శాఖ వార్షిక నివేదిక చదివి రాస్తే, రెండో కథ రాసినవాడు మన తీర్మానాలు చదివి రాశాడు. ఖైదీని చదివినవాడు ఇద్దరిలో ఒక్కడూ లేడు.

నిరుడు ఒక కథల పోటీకి న్యాయనిర్ణేతగా కూర్చుని ఈ రెండు రకాల కథలూ వరసగా చదవవలసి వచ్చింది. చదువుతూ ఉంటే రెండూ ఒకటే కథలా కనిపించడం మొదలుపెట్టాయి. రెంటికీ గేటే ముగింపు. ఒకదాంట్లో మనిషి బయటికి పోతున్నాడు, ఇంకోదాంట్లో లోపలికి వస్తున్నాడు. ఈ రెండు గేట్ల మధ్య ఒక ఏడాదో రెండేళ్ళో ఉన్నాయి. జైల్లో నేర్చిన పని అతనికి అన్నం పెట్టిందా లేదా, పెట్టకపోతే ఎందుకు పెట్టలేదు అనేది తేలేది ఆ కాలంలోనే. ఆ కాలాన్ని ఇద్దరు రచయితలూ ఖాళీగా వదిలేశారు. జైలు కథకు అసలు ఇతివృత్తం ఆ ఖాళీలోనే ఉందని నా వాదం.

ఇది కొత్త వాదం ఏమీ కాదు. విక్టర్ హ్యూగో 1862లోనే రాసి చూపించాడు. "బీదలపాట్లు" సినిమా పుణ్యమా అని మన పాఠకుల్లో చాలామందికి జీన్ వాల్జీన్ దొంగిలించిన రొట్టె గుర్తుంది, బిషప్పు ఇచ్చిన వెండి దీపస్తంభాలు గుర్తున్నాయి. ఆ రెంటికీ మధ్య ఉన్నది ఎవరికీ గుర్తుండదు. అతను పంతొమ్మిదేళ్ళు నౌకాశ్రయ జైల్లో చాకిరీ చేసి, తనకు రావలసిన కూలి 171 ఫ్రాంకులని లెక్కవేసుకుంటాడు. ఏవేవో కోతలు పోయి చేతిలో పడింది 109 ఫ్రాంకుల చిల్లర. విడుదలైన మర్నాడు ఒక ఊళ్ళో మూటలు దింపే పని దొరుకుతుంది. మనిషి బలిష్ఠుడు, పనిమంతుడు, యజమానికి నచ్చాడు. ఇంతలో పోలీసు వచ్చి కాగితాలు అడుగుతాడు. పసుపుపచ్చ కాగితం బయటపడుతుంది. సాయంత్రం యజమాని మిగతా కూలీలకు ఇచ్చినంత ఇతనికి ఇవ్వడు. అదేమని అడిగితే, నీకింతే చాలంటాడు. వాల్జీన్ బిషప్పు ఇంట్లో వెండి ఎత్తుకుపోవడానికి ముందు జరిగింది ఇది. పని వచ్చినా, పని దొరికినా, కూలి దగ్గర దెబ్బ తగిలింది. మంచి మనిషి తారసపడ్డాడు కనుక మారాడు అనే కథను మనం హ్యూగోలోంచి ఏరుకుని, ఆ కూలి లెక్కను అక్కడే వదిలేశాం.

మన సాహిత్యంలో జైలు లేక కాదు. దాశరథి నిజామాబాదు జైలు గోడ మీద బొగ్గుతో పద్యాలు రాసిన సంగతి బడిపిల్లలకు కూడా తెలుసు. 1980ల చివర వరవరరావు జైలు నుంచి రాసి పత్రికల్లో అచ్చయిన "సహచరులు" వ్యాసాలు ఇతర భాషల్లోకీ వెళ్ళాయి. ఎమర్జెన్సీలో ఈ జిల్లా రచయితలు, అధ్యాపకులు, విద్యార్థులు ఎంతమందో లోపలికి పోయి వచ్చారు. అయితే ఇదంతా రాజకీయ ఖైదీ సాహిత్యం. దాని గొప్పతనాన్ని నేను తక్కువ చేయడం లేదు. ఒక భౌతిక వాస్తవాన్ని మాత్రం గుర్తు చేస్తున్నాను. డిటెన్యూకు పని ఉండదు. కఠిన శిక్ష పడ్డవాడికే పని. మన రచయితలు జైల్లో మగ్గం చప్పుడు విన్నారు గాని మగ్గం మీద కూర్చోలేదు. ప్రత్యేక తరగతి ఖైదీలకు వంట చేసి, గిన్నెలు తోమి, బట్టలు ఉతికి పెట్టింది కూడా మామూలు ఖైదీలే. వాళ్ళు మన జైలు రచనల్లో ఒక దయగల వాక్యంలోనో, ఒక తమాషా సంఘటనలోనో కనిపించి తప్పుకుంటారు.

దీనికి గొప్ప మినహాయింపు వట్టికోట ఆళ్వారుస్వామి. చిన్నప్పుడు ఇళ్ళల్లో వంటపని చేసి బతికినవాడు, దేశోద్ధారక గ్రంథమాల పెట్టి ఊరూరా పుస్తకాలు మోసినవాడు, ఉద్యమాల్లో పడి తెలంగాణ జైళ్ళు చూసినవాడు. "జైలు లోపల" కథల్లో అతను తన త్యాగం గురించి రాసుకోలేదు. పక్క బ్యారక్‌లోని దొంగల్ని, హంతకుల్ని చూసి రాశాడు. వాళ్ళు పుట్టుకతో నేరస్తులు కారనీ, పరిస్థితులు వాళ్ళను అక్కడికి తెచ్చాయనీ చూపించాడు. ఒక రాజకీయ ఖైదీ సాటి మామూలు ఖైదీని తనతో సమానమైన మనిషిగా చూసి రాసిన పుస్తకం తెలుగులో అప్పటికి లేదు, తర్వాత కూడా అంత నిండుగా రాలేదు. అయినా ఆ పేరు చూడండి: జైలు లోపల. ఆళ్వారుస్వామి 1961లోనే పోయాడు. ఆ మనుషుల్ని గేటు దాటించి వాళ్ళ ఊళ్ళకు తీసుకుపోయే పని మిగిలింది. అరవై ఏళ్ళు దాటినా ఆ పని మనం చేయలేదు.

వరంగల్లులో కూర్చుని ఈ మాట అనడానికి ప్రత్యేకమైన కారణం ఉంది. నిజాం కాలంలో, పంతొమ్మిదో శతాబ్దం చివర కట్టిన ఇక్కడి కేంద్ర కారాగారాన్ని 2021 జూన్‌లో కూల్చేశారు. ఆ స్థలంలో పెద్ద ఆసుపత్రి కట్టాలని ప్రభుత్వం నిర్ణయించింది. ఖైదీలను చర్లపల్లికీ, ఇతర జైళ్ళకూ తరలించారు. ఆసుపత్రి అవసరం ఎంతటిదో వరంగల్లు వాళ్ళకు వేరే చెప్పనక్కర్లేదు, ముఖ్యంగా ఆ ఏడాది. నా బాధ జైలు గోడల గురించి కాదు. ఒక శతాబ్దానికి పైగా అక్కడ మగ్గాల మీద జంపఖానాలు నేసిన మనుషుల గురించి ఒక్క నవల, ఒక్క చెప్పుకోదగిన పెద్ద కథ లేకుండానే ఆ గోడలు పడిపోయాయి. ఆ దారిన వెయ్యిసార్లు పోయిన రచయితలం మనం.

ఆ జంపఖానాల వెనక పెద్ద కథే ఉంది. వరంగల్లు తివాచీలు 1851లో లండన్‌లో జరిగిన మహా ప్రదర్శనలో పెట్టినంత పేరున్న సరుకు. ఆ తర్వాత కొన్ని దశాబ్దాల్లో ఆగ్రా, లాహోరు, ఎరవాడ మొదలుకుని దేశమంతటా జైళ్ళు తివాచీ కార్ఖానాలుగా మారాయి. కూలి అక్కర్లేని చేతులు, ఎన్నేళ్ళయినా కదలని పనివాళ్ళు, కావలసినంత మార్కెట్టు. జార్జి బర్డ్‌వుడ్ అనే ఆంగ్లేయుడు 1880లో భారతీయ కళా పరిశ్రమల మీద రాసిన గ్రంథంలో ఈ జైలు పోటీ వల్ల స్వతంత్రంగా బతికే తివాచీ నేతగాళ్ళ పని చెడిపోతున్నదని గట్టిగా ఫిర్యాదు చేశాడు. అతను సామ్రాజ్య ఉద్యోగే. అతని ఏడుపు కళ గురించి, నేతగాడి కడుపు గురించి కాదు. అయినా ఒక నిజం అతని కంటబడింది. జైలు మగ్గం శూన్యంలో ఆడదు. దాని చప్పుడు పక్క వీధిలోని మగ్గానికి వినిపిస్తుంది.

వరంగల్లులో ఆ పక్క వీధి పేరు కొత్తవాడ. షత్రంజీలు నేసే పద్మశాలీ కుటుంబాలు ఉన్నచోటు. 2018లో వరంగల్లు జంపఖానాకు భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఆ గుర్తింపు వచ్చేనాటికే కొత్తవాడ పిల్లలు మగ్గం దిగి సూరతుకూ, భివండీకీ, షోలాపూరుకూ పోయి రెండు తరాలు. 1934లో నిజాం పెట్టిన ఆజంజాహి మిల్లు వేలమందికి తిండి పెట్టి పెట్టి మూతబడింది. ఇప్పుడు ఆలోచించండి. పరకాల వైపు నుంచో, నర్సంపేట వైపు నుంచో వచ్చిన ఒక కూలివాడు ఏడేళ్ళు శిక్షపడి, ఆ జైల్లో గుంటమగ్గం మీద పడుగు, పేక నేర్చుకున్నాడనుకుందాం. నేర్పినవాడు నిజాయితీగానే నేర్పాడు. నేర్చినవాడు మనసుపెట్టే నేర్చాడు. విడుదలై వచ్చాడు. తాతలనాటి నుంచి నేస్తున్న కొత్తవాడ మనిషికే పని లేని ఊళ్ళో, ఇతనికి మగ్గం ఎవరిస్తారు? నూలు అప్పు ఎవరిస్తారు? సొసైటీలో సభ్యత్వం ఎవరిస్తారు? ఇతని ఊళ్ళో మగ్గమే లేకపోతే?

ఖైదీల పట్ల వ్యవహారానికి ఐక్యరాజ్యసమితి 1955లో పెట్టిన కనీస నియమాల్లోనే ఒక మాట ఉంది. 2015లో సవరించి మండేలా పేరు పెట్టినప్పుడూ దాన్ని ఉంచారు. జైలు పని బయటి పనికి వీలయినంత దగ్గరగా ఉండాలి. ఖైదీ శిక్షణను జైలు లాభానికి లోబరచకూడదు. ఈ నియమం చదివితే మన రెండు మూస కథలూ తేలిపోతాయి. "ఆ జైలరు మంచివాడా చెడ్డవాడా" అన్న దాని మీద మనం కథలు నడుపుతున్నాం. "జైల్లో ఏ పని నేర్పాలో ఎవరు నిర్ణయించారు, ఆ పనికి బయట మార్కెట్టు ఉందా" అని ఒక్క పాత్ర చేతనైనా అడిగించలేదు.

శిక్షణ పొందితే నేరం తగ్గుతుందా అని సూటిగా అడిగే మిత్రులున్నారు. తగ్గుతుందనే అందుబాటులో ఉన్న ఆధారాలు చెబుతున్నాయి. ఈ విషయంలో మన రెండో మూస పూర్తిగా తప్పు. అమెరికాలో ర్యాండ్ సంస్థ 2013లో అంతవరకు వచ్చిన అధ్యయనాలన్నీ పోగుచేసి చూసింది. జైల్లో చదువో, వృత్తి శిక్షణో పొందినవాళ్ళు తిరిగి జైలుకు రావడం, పొందనివాళ్ళతో పోలిస్తే వందకు సుమారు 13 మంది చొప్పున తక్కువ. ఇది చిన్న తేడా కాదు. అయితే ఆ అధ్యయనాల్లో ఎక్కువ భాగానికి ఒక బలహీనత ఉంది. శిక్షణలో తమంతట తాము చేరేవాళ్ళు, మారాలని ముందే అనుకున్నవాళ్ళు కావచ్చు. సంస్కారమంతా మగ్గం తెచ్చిందో, మగ్గం దగ్గరకు వచ్చినవాడు తనతో కొంత తెచ్చుకున్నాడో విడదీయడం కష్టం. కథకుడికి ఇది గణాంకాల గొడవ కాదు. పాత్ర చిత్రణ సమస్య. మనసు మారాక మగ్గం ఎక్కాడా, మగ్గం ఎక్కాక మనసు మారిందా? మన కథల్లో రెండో దారి ఒక్కటే ఉంటుంది.

దేవా పేజర్ అనే సమాజశాస్త్రవేత్త 2003లో ప్రకటించిన పరిశోధన ఇంకా పదునైనది. మిల్వాకీ నగరంలో ఒకే రకం అర్హతలున్న కుర్రాళ్ళను ఉద్యోగాలకు పంపింది. ఏ కేసూ లేని తెల్లవాళ్ళలో 34 శాతం మందిని యజమానులు తిరిగి పిలిచారు. జైలుకు వెళ్ళొచ్చామని చెప్పిన తెల్లవాళ్ళలో అది 17 శాతానికి పడిపోయింది. ఏ కేసూ లేని నల్లవాళ్ళలో 14. జైలు కూడా తోడైన నల్లవాళ్ళలో 5. చివరి మూడు అంకెలూ కలిపి చదవండి. ఏ నేరమూ చేయని నల్లవాడికంటే జైలునుంచి వచ్చిన తెల్లవాడికే పిలుపు ఎక్కువ వచ్చింది. మన దగ్గర ఇలాంటి పరీక్ష పెడితే తెలుపు నలుపుల స్థానంలో ఏమి పెట్టాలో నేను చెప్పనక్కర్లేదు. జైల్లో చేయి నేర్చుకుంటుంది సరే. బయట ఆ చేతిని చూసేవాళ్ళు ముందు పేరు అడుగుతారు, ఊరు అడుగుతారు, వాడ అడుగుతారు. జైలు సంగతి ఆ తర్వాత వస్తుంది.

మన లెక్కలు ఎలా ఉన్నాయి? జాతీయ నేర నమోదు సంస్థ 2022 సంవత్సరానికి ఇచ్చిన లెక్క ప్రకారం దేశంలోని జైళ్ళలో 5,73,220 మంది ఉంటే అందులో 4,34,302 మంది విచారణ ఖైదీలు. అంటే నలుగురిలో ముగ్గురికి ఇంకా శిక్షే పడలేదు. వాళ్ళు పని చేయనక్కర్లేదు, వాళ్ళ కోసం సాగే శిక్షణ అంతంత మాత్రం. నెలలూ ఏళ్ళూ బ్యారక్‌లో కూర్చుని, ఉన్న కూలిపని పోగొట్టుకుని, వకీలుకు గొడ్డూ గోదా అమ్మి, కేసు కొట్టేశాక ఇంటికి పోతారు. మన మూస కథలో నాయకుడికి ఎప్పుడూ శిక్ష పడే ఉంటుంది. జైల్లో ఉన్న ముప్పాతికమంది ఆ కథలోకి రానే రాలేదు.

కూలి సంగతికి వస్తాను. అభ్యుదయ రచయితకు ఇది సొంత విషయం కావాలి గాని, దీని మీద మనకంటే న్యాయమూర్తులే ఎక్కువ రాశారు. 1977లో ఆంధ్రప్రదేశ్ నుంచి సుప్రీంకోర్టుకు ఒక కేసు వెళ్ళింది. ఉద్యోగాలు ఇప్పిస్తామని కుర్రాళ్ళ దగ్గర డబ్బు గుంజిన కేసు. జస్టిస్ కృష్ణయ్యర్ మూడేళ్ళ శిక్షను ఏడాదిన్నరకు తగ్గించి, అతని మనసుకు తగిన పని ఇవ్వాలనీ, ఆ పనికి కూలి ఇవ్వాలనీ ఆదేశించాడు. 1988లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు, ఖైదీ చేత కూలి లేకుండా చేయించే చాకిరీని రాజ్యాంగం నిషేధించిన వెట్టితో పోల్చి చూసింది. 1998లో సుప్రీంకోర్టు ఒక నడిమి దారి తీసింది. కఠిన శిక్షలో పని చేయించడం వెట్టి కాదంది. కాని న్యాయమైన కూలి ఇవ్వాలంది. అందులో తిండి ఖర్చు పట్టుకోవచ్చునంది. నేరానికి బలైనవాళ్ళకు కొంత భాగం పోవాలంది. ఈ చివరి మాట నన్ను చాలాకాలం ఆలోచింపజేసింది. తాను చంపినవాడి పిల్లలకు తన నేతకూలిలోంచి కొంత పోతున్నదని తెలిసిన ఖైదీ మగ్గం మీద ఎలా కూర్చుంటాడు? ఆ డబ్బు అందుకున్న విధవ ఏమనుకుంటుంది? ఇంత కథా వస్తువు ఒక తీర్పులో పడి ఉంది. మనవాళ్ళు ఇంకా జైలరు కళ్ళజోడును వర్ణిస్తున్నారు.

సందర్భం వచ్చింది కనుక ఒక ముక్క. 1980లో కేంద్రం వేసిన జైలు సంస్కరణల కమిటీకి అధ్యక్షుడు జస్టిస్ ఆనంద్ నారాయణ్ ముల్లా. 1983లో ఇచ్చిన నివేదికలో విడుదల తర్వాత బతకడానికి పనికొచ్చే శిక్షణ, తగిన కూలి, బయటికి వెళ్ళాక ఆసరా, ఇవన్నీ ఉన్నాయి. ఆ ముల్లా ఉర్దూలో పేరున్న కవి. 1964లో సాహిత్య అకాడమీ అవార్డు అందుకున్నాడు. జడ్జీగా ఉన్నప్పుడు పోలీసుల గురించి తీర్పులో రాసిన కటువైన మాటల్ని సుప్రీంకోర్టు తీసివేయవలసి వచ్చింది. కవులకు జైళ్ళ గురించి కవిత్వం తప్ప ఇంకేమి తెలుసు అనేవాళ్ళకు ఈ పేరు చెప్పాలి.

పనికీ కూలికీ ఉన్న ఈ సంబంధాన్ని సాహిత్యంలో పట్టుకున్నవాడు దోస్తోయెవ్‌స్కీ. రాజకీయ నేరం కింద ఓమ్‌స్క్ జైల్లో నాలుగేళ్ళు ఉండి వచ్చి "మృతగృహం" రాశాడు. అందులో పగలు సర్కారు చేయించే పనిని ఖైదీలు అసహ్యించుకుంటారు. రాత్రి బ్యారక్ తలుపులు వేశాక అదే మనుషులు చాటుగా చెప్పులు కుడతారు, బట్టలు కుడతారు, తాళాలు బాగుచేస్తారు. పట్నం వాళ్ళకు అమ్ముకుని నాలుగు కోపెక్కులు చేసుకుంటారు. ఏ పనీ రాకుండా వచ్చినవాళ్ళు పక్కవాడి దగ్గర నేర్చుకుని మంచి పనివాళ్ళయి బయటికి పోయారని అతను రాశాడు. ఆ శిక్షణకు ఏ అధికారీ లేడు, పైగా అది నిషేధం. నిషేధమైన పనిలో మనిషి నిలబడ్డాడు, విధించిన పనిలో కుంగిపోయాడు. తేడా ఏమిటంటే మొదటిది అతని సొంతం. మన సంస్కరణ కథలు రాసేవాళ్ళు ఈ ఒక్క తేడాను పట్టుకుంటే చాలు, మగ్గం ఉన్నట్టుండి ప్రాణం పోసుకుంటుంది. ఇంకో సంగతి: ఆ పుస్తకం చట్రం చాలామంది దాటేస్తారు. కథ చెప్పే ఖైదీ విడుదలై ఒక చిన్న పట్నంలో పిల్లలకు పాఠాలు చెప్పుకుంటూ, ఎవరితోనూ కలవలేక, ఎవరినీ నమ్మలేక ఒంటరిగా చనిపోతాడు. జైలు మొదలవకముందే దోస్తోయెవ్‌స్కీ గేటు బయటి జీవితం చెప్పేశాడు. ఆ నాలుగు పేజీలు మన మూస కథలన్నిటికీ ముందే ఇచ్చిన జవాబు.

పని నేర్పడమంటేనే సంస్కరణ అని నమ్మే మిత్రులు స్టూవర్టుపురం చరిత్ర చదవాలి. నేరస్త తెగల చట్టం కింద మద్రాసు ప్రభుత్వం ఎరుకల కుటుంబాలను బాపట్ల దగ్గర ఒక సెటిల్‌మెంటులో పెట్టి సాల్వేషన్ ఆర్మీకి అప్పగించింది. ఇది 1910లలో మాట. కష్టపడడం నేర్పిస్తే దొంగబుద్ధి పోతుందన్నారు. నేర్పిన కష్టంలో పెద్ద భాగం చీరాల పొగాకు ఫ్యాక్టరీలో కూలి. సంస్కరణ పేరుతో కంపెనీకి కదలడానికి వీల్లేని కూలీలు దొరికారు. హాజరు పట్టీ ఉంది, ఊరు దాటాలంటే అనుమతి కావాలి. 1952లో చట్టం పోయింది. పేరు పోలేదు. ఆ ఊరి పేరును మన పాపులర్ నవల, మన సినిమా ఎలా వాడుకున్నాయో వేరే వ్యాసం కావాలి. 1970ల నుంచి అక్కడ పనిచేసిన హేమలతా లవణం జాషువా కుమార్తె అన్నది సాహిత్య విద్యార్థులు మరచిపోకూడదు. ఆమె, లవణం ఆ పనిని జైల్లో కాదు, ఊళ్ళో, ఆ కుటుంబాల మధ్య చేశారు. 2024 అక్టోబరులో సుప్రీంకోర్టు జైళ్ళలో కులాన్నిబట్టి పని పంచే నియమాలను కొట్టేసింది. అంటే అప్పటిదాకా కొన్ని రాష్ట్రాల జైలు మాన్యువళ్ళలో ఊడ్చేవాడు ఎవరో, వండేవాడు ఎవరో పుట్టుకతోనే రాసి ఉంది. చీపురు చేతిలో పెట్టి దాన్ని కూడా పని నేర్పడమే అన్నారు.

భాషలో కూడా దీని ఆనవాలు ఉంది. "వాడొట్టి కేడీ" అని మనం మాటవరసకు అంటాం. అది పాత పోలీసు రిజిస్టరులోని రెండు ఇంగ్లీషు అక్షరాలు, ఎరిగిన దొంగ అనడానికి పొట్టి గుర్తు. పోలీసు స్టేషను పెట్టిన పేరు తెలుగు మాటైపోయి పిల్లల తిట్లలోకి కూడా వచ్చింది. జైల్లో మేస్త్రీ పని నేర్చి వచ్చినవాడికి మన భాషలో ఒక మాట పుట్టలేదు.

రాయదలచుకున్న విద్యార్థులు నన్ను అడిగితే నేను చెప్పేది ఇది. విడుదలైన రోజు రాయకండి. పదమూడో నెల రాయండి. అతని చేతిలోని సర్టిఫికెట్టు మీద ఏ సంస్థ ముద్ర ఉందో చూడండి. జైలు ముద్ర ఉంటే దాన్ని పెట్టె అడుగున దాచుకున్నాడా, చూపించాడా? పక్క ఊళ్ళో దొంగతనం జరిగిన రాత్రి పోలీసులు మొదట ఎవరి తలుపు కొట్టారు? మర్నాడు టైలరింగ్ షాపు యజమాని ఏమన్నాడు? ఆడఖైదీ గురించి రాస్తే, కుట్టుమిషను కాకుండా ఆమెకు ఇంకేమి నేర్పవచ్చునో ఎవరైనా ఆలోచించారా అని అడగండి. మగవాడు జైలు నుంచి వస్తే పెళ్ళాం ఎదురొస్తుంది. ఆమె వస్తే ఇంటి తలుపు తెరుచుకుంటుందా? మిషను ఏ గదిలో పెట్టుకుంటుంది?

అలాగే, బాగున్నదాన్ని బాగుందని రాయడానికి భయపడకండి. తెలంగాణ జైళ్ళ శాఖ "మై నేషన్" పేరుతో సరుకులు అమ్ముతున్నది, పెట్రోలు బంకులు నడుపుతున్నది. బంకుల్లో ఖైదీలకే కాక విడుదలైనవాళ్ళకు కూడా పని ఇచ్చారు. ఇంతసేపూ నేను గేటు గురించి చెప్పిన మాట ఇక్కడ కొంత తప్పుతుంది. జైలు తానే యజమానిగా మారి గేటు బయటికి వచ్చింది. ఇది మంచి పనే. ఇందులో కూడా కథ ఉంది. జైలు నుంచి విడుదలయ్యాడు, కాని అతనికి జీతం ఇచ్చేది జైలే. వేరే ఎవరూ ఇవ్వరు కనుక జైలే ఇస్తున్నది. నలభై ఏళ్ళ మనిషి, పెట్రోలు పోసి, మీటరు సున్నా చూపించి, డబ్బు అందుకుని చిల్లర ఇస్తాడు. బండిమీద వచ్చినవాడు బోర్డు చదివి ఇతని మొహం చూసి చిల్లర రెండోసారి లెక్కపెట్టుకుంటాడు. ఇతను అది గమనిస్తాడు. తర్వాతి బండి హారను కొడుతుంది.

జైలు జీవితం మాకు తెలియదు, ఎలా రాయమంటారు అని కొందరు యువ రచయితలు అంటున్నారు. జైలు తెలియకపోవచ్చు. వరంగల్లు జైలు ఇప్పుడు చూద్దామన్నా లేదు. అందులో నేసిన మనుషులు పరకాలలో ఉన్నారు, జనగామలో ఉన్నారు, మహబూబాబాదు తండాల్లో ఉన్నారు. అడ్డా మీద పొద్దున్నే నిలబడే కూలీల్లో ఉన్నారు. కొత్తవాడలో మగ్గం దిగిన ముసలాళ్ళు ఇంకా కొందరు ఉన్నారు. జైలు షత్రంజీ తమ ధరను ఏ సంవత్సరం ఎంత కొట్టిందో వాళ్ళను అడగండి. ఆ తర్వాత మొదటివాళ్ళ దగ్గరకు పోండి.